పేరు పెట్టి అడిగితే

ఏప్రిల్ 5, 2019, శుక్రవారం

ఇది నాయనకు కంపెనీలో ఇచ్చిన డైరీ. అట్ట మీద ఏసీ బొమ్మ ఉంది. మూడు నెలలు ఖాళీగా పోయాయి, మిగతాది పారేయడం ఎందుకని నాకిచ్చాడు. తెలుగులో రాస్తే ఇక్కడి స్కూల్లో ఎవరూ చదవలేరు. అమ్మ చదవగలదు గానీ ఆమెకు తీరిక ఎక్కడిది?

నేను దోహా వచ్చి మూడు వారాలైంది. ఇన్నాళ్లూ రాయచోటి పక్కన మా పల్లెలో అవ్వ దగ్గర పెరిగాను. అవ్వంటే అమ్మను కన్నతల్లి, పేరు పెద్దక్క. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ ఇక్కడ ఒక అరబ్బుల ఇంట్లో వంటపనికి వచ్చేసింది. నాయన అంతకు ముందే వచ్చాడు. పోయినేడు నాయన ఫోర్‌మన్ అయ్యాడు, అమ్మ ఆ ఇల్లు మానేసింది, ఇప్పుడు నన్ను పిలిపించుకున్నారు. పోస్టులో పార్సిల్ వచ్చినట్టు వచ్చాను.

తమాషా ఏమిటంటే, నేను అవ్వనే "అమ్మా" అని పిలిచేదాన్ని. ఇప్పుడు అసలు అమ్మ ఎదురుగా ఉంటే ఏమని పిలవాలో తెలియడం లేదు. రాయమంటే వందసార్లు రాస్తాను. నోటితో రాదు. ఏదైనా కావాలంటే వెళ్లి పొయ్యి పక్కన నిలబడతాను. "ఏం మే?" అంటుంది. అప్పుడు చెప్తాను. ఇట్లా నెట్టుకొస్తున్నాను. ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

ఇల్లంటే ఇల్లు కాదు. అల్ దోహా అల్ జదీదాలో ఒక పాత విల్లాను ప్లైవుడ్ గోడలతో ముక్కలు చేశారు. మాకు ఒక గది, ఒక వంటిల్లు. పక్క ముక్కలో షబానా పిన్ని, ఇమామ్ చిన్నాయన ఉంటారు. వాళ్లదీ మా కడప జిల్లానే. ఆ పక్క గదిలో అంతా బ్యాచిలర్లు, వాళ్లకూ మాకూ కలిపి ఒకటే బాత్రూమ్. నడవాలో వాళ్ల చెప్పుల మీద నుంచి దూకుతూ పోవాలి. వంటింటి వెనక ఒక సందు ఉంది. దాని చివర తలుపు ఊడిపోయిన పాత టాయిలెట్ నిండా ఓనరు విరిగిన కుర్చీలు పడేసి ఉంటాయి. పిల్లులు తప్ప అటు ఎవరూ పోరు.

ఏప్రిల్ 9, మంగళవారం

సోషల్ మేడమ్ చీటీలు పంచింది. చీటీలో ఏ జాతి వస్తే వాళ్ల గురించి చదివి, సెలవుల ముందు క్లాసులో నిలబడి ఇంగ్లీషులో చెప్పాలి. నాకు "అపాచీ" వచ్చింది. బైకు గురించి ఏం చెప్పాలా అనుకున్నాను. మా ఊళ్లో సర్పంచి కొడుకు తిరిగేది ఆ బండే.

లైబ్రరీలో కమలాదేవి మేడమ్ గుంటూరు ఆవిడ. నా మొహం చూసి తెలుగులోకి దిగారు.

"బైక్ కాదమ్మా, మనుషులు. అమెరికాలో ఉన్నారు, ఆ దేశానికి ఆ పేరు రాకముందు నుంచీ. ఇదిగో, నీ వయసు పిల్ల కథే. నెమ్మదిగా చదువుకో, తెలియని చోట వచ్చి అడుగు."

పుస్తకం లావుగా ఉంది. ఈ జన్మలో అవుతుందా?

ఏప్రిల్ 12, శుక్రవారం

ఓబులేసు మామ వచ్చాడు. అమ్మ తమ్ముడు. బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో ఉంటాడు, అల్ తుమామాలో కడుతున్న వరల్డ్ కప్ స్టేడియంలో స్కఫోల్డర్. మిగతావాళ్లు ఎక్కి పనిచేయడానికి ఇనప గొట్టాలతో మంచెలు కట్టడం అతని పని. ప్రతి శుక్రవారం మా ఇంట్లో తింటాడు.

పుస్తకం చూపిస్తే, "రెడ్ ఇండియన్లా! నాకు తెలుసులే మే" అని నెత్తి మీద గరిటె ఈకలాగా పెట్టుకుని, నోటి మీద అరచెయ్యి కొట్టుకుంటూ గది చుట్టూ గెంతాడు. చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో చూశాడట. అమ్మ పడీ పడీ నవ్వింది. అమ్మ నవ్వితే అవ్వలాగే ఉంటుంది. నాకు నవ్వు రాలేదు. అంటే, కొంచెం వచ్చింది.

"వాళ్లు అట్లా అరవరంట మామా. పుస్తకంలో ఒక్కరు కూడా అరవలేదు."

"సినిమావోళ్లు నాకు అబద్ధం చెప్పినారా? సరే, నిజం నువ్వు చెప్పు. వారం వారం కొంచెం కొంచెం చెప్పు."

ఏప్రిల్ 15, సోమవారం

ఇప్పటిదాకా తెలిసింది ఇది. ఆ పిల్ల వాళ్లది కొండలు, ఎడారి. సైన్యం వాళ్లందరినీ, తిరగబడినవాళ్లనూ తిరగబడనివాళ్లనూ, ఆడవాళ్లనూ పసిపిల్లలనూ ఒకటే రైలెక్కించి ఎక్కడో సముద్రం పక్కన కోటలో పెట్టింది. పద్దెనిమిది వందల ఎనభై ఆరులో. ఆ కథ కల్పించిందే గానీ రైలు నిజమేనని కమలాదేవి మేడమ్ చెప్పారు. ఇరవై ఏడేళ్లు ఖైదీలుగానే ఉంచారట. అక్కడ పుట్టిన పసిపిల్లలు కూడా ఖైదీలే.

ఇంకొకటి. ఆ పుస్తకంలో వాళ్లు మొహం మీద పేరు పెట్టి పిలుచుకోరు. అక్క, మామ, అవ్వ అంటారు, మనలాగే. పేరు పెట్టి పిలిచారంటే తప్పించుకోలేని అవసరం వచ్చిందన్నమాట. పేరు పెట్టి అడిగితే అవతలివాళ్లు కాదనకూడదు. అందుకని ఆ పిల్ల పేరు నేను రాయడం లేదు. నాకు ఆమెతో ఏం పని?

ఏప్రిల్ 19, శుక్రవారం

మామ గుడిసె సంగతి ఎత్తాడు. ఆ పిల్ల పెద్దమనిషైతే వాళ్లు పొడుగాటి వాసాలతో గుడిసె వేసి నాలుగు రోజులు పండగ చేస్తారని నేను చెప్పగానే ఎగిరి గంతేశాడు.

"మన మాదిరే! మనకూ మేనమామే కట్టల్ల. మే, నువ్వు పుట్టినప్పుడే చెప్పినా, నీ గుడిసె నాదేనని. గొట్టాలతో స్టేడియం కడతాండా, పచ్చి మట్టలతో నీకు గుడిసె కట్టలేనా?"

నాకు సిగ్గేసి వంటింట్లోకి పోయాను. అక్కడికీ మాటలు వినబడతాయి, ప్లైవుడ్ గోడలు కదా. నాయన అన్నాడు, "గుడిసె ఊర్లోనే రా ఓబులేసూ. పెద్దమనిషైతే పాపను ఇంగ ఈడ ఎట్లా పెట్టుకుంటాం? ఆ నడవాలో అంతమంది మొగోళ్లు. నాకు సగం రోజులు నైట్ డ్యూటీ. ఊర్లో ఫంక్షన్ చేసి మీయమ్మ దగ్గరే వదిలిపెడతా."

అమ్మ ఏమీ అనలేదు. నేను చెవులు రిక్కించి విన్నాను. ఏమీ అనలేదు.

పంపిస్తే పంపించుకోనీ. అవ్వ దగ్గర నాకు బాగానే ఉంటుంది. కాకపోతే పుస్తకం సగంలో ఉంది. అంతే, పుస్తకం కోసమే నా దిగులు.

ఏప్రిల్ 24, బుధవారం

అయింది. ఎవరికీ చెప్పను.

ఏప్రిల్ 25, గురువారం

నిన్న లైబ్రరీలో కుర్చీలోంచి లేవలేకపోయాను. కమలాదేవి మేడమ్ ఏమీ అడగకుండా తన శాలువా నా నడుముకు చుట్టి, బీరువాలోంచి ఒక ప్యాకెట్ తీసిచ్చారు. "అమ్మకి చెప్పమ్మా, భయపడకు" అన్నారు. చెప్తానన్నాను.

చెప్పలేదు. పల్లెలో అయితే ఈపాటికి నన్ను చాప మీద మూలన కూర్చోబెట్టి, ఊరంతా చిమ్మిలి పంచి ఉండేవాళ్లు. నేను మామూలుగా స్నానం చేసి మామూలుగా అన్నం తిన్నాను. అమ్మ జడ వేసింది. ఆమె వేస్తే తల నరాలు లాగేస్తాయి, అంత బిగువు. దువ్వుతూనే ఉంటుంది. ఏడేళ్ల జడలు ఒకేసారి వేస్తున్నట్టు.

మే 3, శుక్రవారం

మేడమ్ ఇచ్చిన ప్యాకెట్ అయిపోయింది, వచ్చే నెలకు ఏం చేయాలా అని భయపడ్డాను. వీధి చివర బఖాలా కొట్లో కొనాలంటే కౌంటర్లో ఖాసీం ఉంటాడు, చచ్చినా అడగలేను. దేవుడి దయ, బియ్యం డబ్బా వెనక ఒక కొత్త ప్యాకెట్ కనబడింది. అమ్మదే అయి ఉంటుంది. ఒకటి రెండు తీస్తే తెలుస్తుందా? ఆమె అట్లాంటివి చూసుకునే రకం కాదు.

మే 13, సోమవారం

రంజాన్ అని స్కూలు తొందరగా వదిలేస్తున్నారు. చదవడానికి బోలెడు టైము. ఇప్పుడు చదవబుద్ధి కావడం లేదు.

కోటలోకి ఒక దొర వచ్చాడు. పిల్లల్ని దూరంగా ఒక బడికి తీసుకుపోతాడట. పెద్దపిల్లలు ముందు. తల్లులు పిల్లల్ని గోనెల కింద, పాత్రల వెనక దాచిపెడుతున్నారు. మా పిల్ల తల్లి దొరతో వేలు చూపించి చెప్పింది, ఇది చిన్నది, ఇంకా చిన్నదే అని. ఆ పిల్ల మోకాళ్లు ముడుచుకుని పొట్టిగా కనిపించడానికి ప్రయత్నం చేసింది.

అయినా తీసుకుపోయారు. రైలు దిగీ దిగగానే జుట్టు కత్తిరించారు.

పుస్తకం మూసేశాను. ఇంకా చాలా ఉంది. ఆ పిల్ల వాళ్లమ్మను మళ్లీ చూస్తుందో లేదో నేను తెలుసుకోదలచుకోలేదు. నాకు జ్వరం వచ్చినట్టుంది.

మే 24, శుక్రవారం

ఘోరం జరిగిపోయింది. నిన్నటి నుంచి నాకు మళ్లీ ఆ రోజులు. సరిగ్గా ఈ రోజే అమ్మ ఊరగాయ పెట్టింది. నాయన నిన్న మార్కెట్ నుంచి మామిడికాయలు బస్తా తెచ్చాడు. అవ్వ ఏం చెప్పేదంటే, ఆ రోజుల్లో ఆడపిల్ల ఊరగాయ జాడీ నీడ కూడా తొక్కకూడదు, చెయ్యి పెడితే మూడో నాటికి బూజు. మా ఊళ్లో ఒకామె పెడితే పురుగులే పడ్డాయట.

అమ్మ ముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు అన్నీ బేసిన్లో పోసి నూనె వంచి, నా వైపు చూసింది.

"నువ్వు కలుపు మే."

"నేనా?"

"నా చెయ్యి తెగింది, మండుతాది. నువ్వు కలుపుతావా?" అని నా మొహం కేసే చూస్తూ ఉంది. "వద్దంటే చెప్పు."

ఎందుకు వద్దు అంటే ఏం చెప్పను? చెప్తే టికెట్టే. మోచేతుల దాకా చేతులు పెట్టి కలిపేశాను. కలుపుతున్నంతసేపూ అవ్వ నా వెనకే నిలబడి చూస్తున్నట్టే అనిపించింది. అమ్మ నన్నే చూస్తూ నిలబడింది. తర్వాత చీర కొంగుతో నా నుదుటి మీద చెమట తుడిచి, మొహం అటు తిప్పుకుని జాడీ కడగడం మొదలుపెట్టింది. కారం ఘాటుకేమో, ఆమె కళ్లు ఎర్రబడ్డాయి.

మే 27, సోమవారం

జాడీ మూత తీసి చూశాను. బూజు లేదు.

మే 28, మంగళవారం

లేదు.

మే 30, గురువారం

ఒక మూల తెల్లగా కనబడితే గరిటెతో తీసి చూశాను. ఉప్పు కణిక.

బియ్యం డబ్బా వెనక ప్యాకెట్ ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటోంది. నేను ఇన్ని తీస్తున్నా ఆమెకు తెలియడం లేదు. ఇంత అజాగ్రత్త మనిషి ఆరేళ్లు పరాయి ఇంట్లో వంట ఎట్లా నెట్టుకొచ్చిందో!

జూన్ 4, మంగళవారం

ఈద్. షబానా పిన్ని పాయసం పంపించింది. మామకు సెలవు. ఊరగాయ వేసుకుని నాలుగు ముద్దలు తిని, "అక్కా, ఈసారి చెయ్యి మారింది. ఎవురు కలిపినారు?" అన్నాడు. నేను ముద్ద చేత్తో పట్టుకుని అమ్మను చూశాను.

"పాప కలిపింది" అంది అమ్మ. "బాగలేదా?"

"అవ్వ చెయ్యే వచ్చింది మే నీకు! నాకో సీసా కట్టియ్యి, క్యాంపులో వాసన చూపించినా చాలు, నా రూమోళ్లు నన్ను మంచం మీద మోస్తారు."

అంటే ఊరగాయకు ఏమీ కాలేదు. అవ్వ చెప్పింది అబద్ధమన్నమాట. పాపం అవ్వకు ఎవరు చెప్పారో. ఇంకా ఏమేం అబద్ధాలు చెప్పి ఉంటుందోనని సాయంత్రమంతా ఆలోచించాను.

జూన్ 7, శుక్రవారం

నాయన టికెట్లు తీశాడు. జులై ఐదున. నాకూ అమ్మకూ పోవడానికి. రావడానికి అమ్మకు ఒక్కదానికే.

అవ్వ ఫోన్లో చెప్పిందట, పదమూడు నిండాయి, ఈ రోజో రేపో అన్నట్టుంది, ముందే పంపించేయండి అని. నాయన నా తల మీద చెయ్యి వేసి, "ఆడైతే నీకు అన్నీ అలవాటే కదమ్మా, ఇంత ఇరుకు లేదు" అన్నాడు. నాయన చెడ్డవాడు కాదు. నేను రాత్రిళ్లు బాత్రూముకు పోతే నడవా మొదట్లో వెనక్కి తిరిగి కాపలా నిలబడతాడు. నైట్ డ్యూటీ ఉన్నప్పుడు ఫోన్ చేసి, "పోయొచ్చిందా పాప?" అని అడుగుతాడు. అట్లాంటి మనిషి మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే.

ఇన్ని రోజులు దాచిందంతా దండగ. దాచినా పంపిస్తున్నారు, చెప్పినా పంపిస్తారు.

మామ రాలేడు. ఈ యేడు లీవు "మాఫీ", అంటే లేదు, అని చెప్పేశారట. "నేను లేకుండా గుడిసె ఎవురు కడతారు?" అని అడిగి, అన్నం సగంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

అవ్వ దగ్గర బాగానే ఉంటుంది.

బాగానే ఉంటుందని రాశాను గానీ ఉండదు. నాకు అమ్మ కావాలి. ఏడేళ్లు లేకుండా ఉన్నాను, ఇంక ఉండలేను. ఇక్కడ రాసుకోవడానికి ఏం సిగ్గు?

జూన్ 11, మంగళవారం

పేరు పెట్టి అడిగే పద్ధతి మనకు లేదు. తల్లిని పేరు పెట్టి పిలిస్తే చెంప పగులుతుంది. అయినా అమ్మా అని నోరు తిరగని దానికి వేరే దారేముంది?

జూన్ 13, గురువారం

స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ వంటింట్లో సంగటి కెలుకుతోంది. నాయన డ్యూటీకి పోయాడు. నేను వెళ్లి రోజూలాగే పొయ్యి పక్కన నిలబడ్డాను.

"ఏం మే?"

"సునందా."

తెడ్డు ఆగిపోయింది. సంగటిలో బుడగలు వస్తూనే ఉన్నాయి.

"ఎవుర్ని పిలుస్తాండావు?"

"నిన్నే. సునందా. నన్ను ఊరికి పంపొద్దు."

కొడుతుందనుకుని కళ్లు మూసుకున్నాను. కొట్టలేదు. కళ్లు తెరిస్తే స్టవ్ ఆపేసి, గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. నేనూ కూర్చున్నాను. అపాచీల సంగతంతా గబగబా చెప్పేశాను, పేరు పెట్టి అడిగితే కాదనకూడదని, ఊరికే అడగరని, ఇది మర్యాద తప్పడం కాదని. నా నోరు నాకే అందలేదు.

"ఎన్నాళ్లయిందో నా పేరు ఎవురన్నా పిలిచి" అంది అమ్మ. "ఆ ఇంట్లో మేడమ్‌కు నోరు తిరక్క సోనా అనేది. మీ నాయన ఏమే అంటాడు. మా అమ్మ ఫోన్లో బిడ్డా అంటాది. నువ్వు అదీ లే. మూడు నెల్ల నుంచి నన్ను ఏమనీ పిలవలే."

ఎవరూ కనిపెట్టలేదని రాసుకున్నాను కదా.

"ఇంకోటి చెప్పల్ల నీకు" అన్నాను. "నాకు..."

"తెలుసు. ఏప్రిల్ నుంచే."

నేను చటుక్కున తలెత్తి చూశాను.

"బియ్యం డబ్బా వెనకాల పెట్టింది ఎవురనుకుంటాండావు? దయ్యమా?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఊరగాయ కలపమంటే అప్పుడన్నా చెప్తావు అనుకున్యా. నువ్వు చెయ్యి పెట్టేసినావు. అంత భయపడే దానివి, చెయ్యి పెట్టేసినావంటే, నా దగ్గర ఉండిపోదామనే కదా అనిపించింది. ఆ పొద్దు నేను ఎట్లా ఏడవకుండా ఉన్యానో ఆ దేవునికే తెలుసు."

"మరి ఎందుకు అడగలే?"

"అడిగితే చెప్తావు. నువ్వు చెప్తే నేను మీ నాయనకు చెప్పల్ల. చెప్తే నువ్వు పోతావు. ఏడేండ్లు నిన్ను ఇడిసిపెట్టిన దాన్ని, ఇంగొక నెల దగ్గరుంటే చాలని దాచినా."

"ఊరగాయ చెడిపోతాదని భయం లేదా?"

"చెడిపోతే ఇంగొకటి పెడతా. దోహాలో మామిడికాయలు లేవా?"

ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే దొంగతనం చేశామన్నమాట. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. అమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుంది. ఇంత పెద్దదాన్ని, కాళ్లు బయట వేలాడుతూనే ఉన్నాయి. సంగటి గట్టిపడి రాయైపోయింది. అదే తిన్నాం.

"పంపవు కదా?" అని మళ్లీ అడిగాను.

"పేరు పెట్టి అడిగినావు. ఇంగ కాదనేదానికి లేదు కదా" అంది.

జూన్ 14, శుక్రవారం

మధ్యాహ్నం అందరం పేపరు పరుచుకుని భోజనానికి కూర్చున్నాం. నాయన, మామ, నేను. అమ్మ వడ్డిస్తోంది. నాయన పప్పు కలుపుకుంటున్నాడు.

అమ్మ గిన్నె కింద పెట్టింది. "చెన్నకేశవులూ" అంది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. చెన్నకేశవులు అనేవాడు ఎవడో తలుపు దగ్గరికి వచ్చాడనుకుని మామ తిరిగి చూశాడు. అది మా నాయన పేరని గుర్తొచ్చేసరికి మామకు పొలమారింది. మా అమ్మ పెళ్లయ్యాక ఆ పేరు ఒక్కసారీ పలకలేదు. ఆస్పత్రిలో అడిగితే కూడా వేలితో అరచేతిలో రాసి చూపించేదట.

"ఏమన్నావ్?" అన్నాడు నాయన.

"పేరు పెట్టి పిలిచినా. ఈ ఒక్కసారే, మళ్ల పిలవను." అమ్మ అక్కడితో ఆగలేదు. "చెన్నకేశవులూ, పాపను పంపొద్దు. పాప ఏప్రిల్‌లోనే పెద్దమనిషైంది. నీకు చెప్పకుండా దాచినా. ఏమన్నా అనల్లంటే నన్ను అను. పంపల్లంటే మాత్రం నన్ను గూడా పంపు, నేనూ ఆడే ఉంటా."

నాయన చేతిలో ముద్ద అట్లాగే ఉంది. నా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. నాకు ఆకాశం ఎప్పుడు విరిగి పడుతుందా అని ఉంది. చివరికి, చాలా మెల్లగా అన్నాడు.

"నాకు మాత్రం పంపల్లని ఉంటాదా? నా బిడ్డను నేను చూసింది ఎన్ని దినాలు? ఆ నడవా... నేను నైట్ డ్యూటీలో ఉంటే నాకు పని మీద మనసు ఉండదు. దానికి ఏం చేసేది చెప్పు."

అప్పుడు మామ నీళ్లు తాగి, గొంతు సవరించుకుని అన్నాడు. "బావా. మేనమామ గుడిసె కట్టల్ల. అవునా కాదా?"

"కట్టల్ల."

"యాడ కట్టల్లో శాస్త్రంలో ఉండాదా? వంటింటి ఎనకాల సందుంది. దాని కొసాన టాయిలెట్ ఉండాది. తలుపు లేదు అంతే కదా. వంటింటి తలుపు కాన్నుంచి ఆడిదాకా రెండు పక్కలా ప్లై కొట్టి, పైన కప్పు ఏసి, ఒక మంచం పట్టేంత గది తీస్తే పాప నడవా మొగమే చూడాల్సిన పన్లే. నేను అంత పెద్ద స్టేడియానికి మంచెలు కడతాండా. ఇదెంత? యల్లా, టేపు తే మే!"

నాయన లేచాడు. ఎంగిలి చేత్తోనే సందులోకి పోయి, ఒక చివర నుంచి ఇంకో చివరికి అడుగులు వేసుకుంటూ చూశాడు. తిరిగొచ్చి అడిగాడు, "ప్లై ఎన్ని షీట్లు పడతాయి రా ఓబులేసూ?"

నేను అన్నం తినడం మొదలుపెట్టాను. ఉప్పగా ఉంది. కన్నీళ్లే.

జూన్ 18, మంగళవారం

క్లాసులో చెప్పాను. ఇంగ్లీషు రెండుచోట్ల తప్పింది. వాళ్ల పండగలను ప్రభుత్వం ఎన్నో ఏళ్లు వద్దని ఆపించినా, ఆడపిల్లల పండగను వాళ్లు వదలలేదని చెప్పాను. ఒక కుర్రాడు, "ఇప్పుడు వాళ్లు లేరు కదా?" అన్నాడు. "ఉన్నారు. వాళ్ల పిల్లలు మనలాగే బడికి పోతున్నారు. ఇప్పటికీ గుడిసె కడతారు" అన్నాను. వెనక నిలబడి కమలాదేవి మేడమ్ చప్పట్లు కొట్టారు.

ఓనరు దగ్గర మాట్లాడింది ఇమామ్ చిన్నాయన. ఇన్నేళ్లు అరబ్బుల ఇంట్లో డ్రైవరు, భాష బాగా వచ్చు. విరిగిన కుర్చీలు మేమే బయట పడేస్తే సరేనన్నాడట.

జూన్ 21, శుక్రవారం

మామ తెల్లవారకముందే వచ్చాడు. సైట్లో పారేసే ప్లై ముక్కలు అక్కడి ఫోర్‌మన్‌ను అడిగి గేట్ పాస్ రాయించుకుని తెచ్చాడు. ఒక షీటు మీద సిమెంటు మరకలు, ఒక షీటు మీద ఎవరో గీసిన ఫుట్‌బాల్. అది లోపలి వైపు వచ్చేటట్టు పెట్టమన్నాను. నాయన పట్టుకున్నాడు, మామ కొట్టాడు. ఎండ ముదిరేలోగా గోడలు, కప్పు, తలుపు అయిపోయాయి. తర్వాత మామ రోడ్డు పక్క చెట్లు కత్తిరించే తోటమాలిని బతిమాలి తెచ్చిన ఖర్జూరం మట్టలు పైనా చుట్టూ కట్టాడు. చేతులంతా ముళ్లు గుచ్చుకున్నాయి.

వీడియోలో అవ్వ చూసి, "ఏం మట్టలు రా అవి? కొబ్బరివి కావే!" అంది.

"ఖర్జూరం మా. ఈ దేశంలో ఇవే."

"పిల్లకు ముండ్లు గుచ్చుకుంటాయి, చూసి కట్టు." తర్వాత అమ్మను అడిగింది, "ఎప్పుడైంది?"

"నిన్ననే" అంది అమ్మ, రెప్ప వెయ్యకుండా. అబద్ధం అనడానికి లేదు, నిన్న మళ్లీ మొదలైంది కదా. మా అమ్మ ఇంత గడుసుదని నాకు తెలియదు.

షబానా పిన్ని పసుపు నీళ్లు పోసింది. అమ్మ చిమ్మిలి నోట్లో పెట్టింది. మామ తెచ్చిన లంగా ఓణీ చిలకపచ్చ రంగు, నాకు నచ్చని రంగు. నచ్చిందని చెప్పాను. అందరూ అక్షింతలు వేశారు. చివర్లో మామ నా ముందుకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు.

"మామా, ఏందిది?"

"నువ్వే చెప్పినావు కదా, మీ పుస్తకంలో ఆ పిల్ల దగ్గర ఊరంతా వచ్చి దీవెన తీసుకుంటారని. ఆ నాలుగు దినాలు ఆ పిల్ల చేతికి మహిమ ఉంటాదని. నాక్కూడా పెట్టు మే. ఎత్తు మీద పని నాది."

మూలన కూర్చోవలసిన దాన్ని, నేనేం దీవించను? అక్షింతలు తీసుకుని అతని తల మీద వేసి, "పడొద్దు మామా" అన్నాను. అంతకంటే మంచి దీవెన నాకు తట్టలేదు. మామ లేచేసరికి వెనక నాయన నిలబడి ఉన్నాడు. టోపీ తీసి తల వంచాడు.

జూన్ 25, మంగళవారం

ఆచారం ప్రకారం ఈ రోజు గుడిసె విప్పి తగలబెట్టాలి. పొద్దున డ్యూటీకి పోయే ముందు నాయన ఎండిన మట్టలు మాత్రం విప్పి చెత్తబండిలో వేశాడు. ప్లై ముట్టుకోలేదు. "స్టేడియం విప్పేటప్పుడు ఇదీ విప్పుదాంలే" అన్నాడట మామ ఫోన్లో. నా టికెట్టు నాయన క్యాన్సిల్ చేశాడు. అమ్మదీ.

ఇప్పుడు గుడిసెలోనే కూర్చుని రాస్తున్నాను. మంచం పడితే ఇంకేమీ పట్టదు. వేడిగా ఉంది, నాయన పాత ఏసీ ఒకటి బాగుచేసి పెడతానన్నాడు. లోపల గడియ ఉంది. నాకంటూ గడియ ఉన్న తలుపు దొరకడం పుట్టాక ఇదే మొదటిసారి.

పుస్తకంలో మిగిలిందంతా చదివేశాను. ఆ పిల్ల తిరిగి వస్తుంది. ఎన్నో ఏళ్ల తర్వాత, పొట్టి జుట్టుతో, సొంత భాష సగం మర్చిపోయి. తల్లికి మొదట ఆనవాలు దొరకదు. తర్వాత తల్లి గుడిసె కడుతుంది. ఇంత వయసొచ్చాక ఇప్పుడేం పండగ అని అందరూ అంటారు. నా బిడ్డ ఇప్పుడే కదా వచ్చింది అంటుంది తల్లి. ఆ పండగ ఆచారం ప్రకారం ఆ పిల్ల తెల్లవారుజామున తూర్పు వైపుకు, సూర్యుడికి ఎదురుగా పరుగెత్తుతుంది. అక్కడితో అయిపోయింది.

రాస్తుంటే ఎవరో తలుపు కొట్టారు. ఈ ఇంట్లో ఎవరూ తలుపు కొట్టరు, కొట్టడానికి తలుపులు ఎక్కడున్నాయి?

"లోపలికి రావచ్చునా?" అమ్మ గొంతు. "దువ్వెన తెచ్చినా."

పేరు ఊరికే వాడకూడదు. ఒక్కసారే వాడాలి, అది అయిపోయింది.

గడియ తీశాను.

"రా అమ్మా" అన్నాను.